రేకు పడవ వయసు తేల్చేదెలా?

శ్రీరాంపూర్ నుంచి గోదావరిఖని దాకా గనుల కాలనీల్లో పెరిగినవాళ్లకు జాతర అంటే బొమ్మల దుకాణం ముందున్న నీళ్ల టబ్బు కూడా గుర్తొస్తుంది. అందులో పటపటమంటూ గుండ్రంగా తిరిగే రేకు పడవ. నూనెలో తడిపిన చిన్న వత్తి వెలిగిస్తే చాలు, అది కదిలేది. కీ లేదు, బ్యాటరీ లేదు. అలాంటిదొకటి ఇప్పుడు అటక మీద దొరికితే దాన్ని వింటేజ్ బొమ్మ అనొచ్చా? చెప్పడం కష్టమే. ఎందుకంటే ఈ పడవ వందేళ్లకు పైగా పెద్దగా మారలేదు. ఇప్పటికీ తయారవుతూనే ఉంది.

1891లో థామస్ పియో అనే ఫ్రెంచి దేశస్థుడు బ్రిటన్‌లో దీనికి పేటెంట్ తీసుకున్నాడు. చిన్న బాయిలర్, దాని నుంచి పడవ వెనక్కి వచ్చే రెండు సన్న గొట్టాలు, అంతే. ఇల్లందు దగ్గర సింగరేణిలో బొగ్గు తవ్వకం మొదలై అప్పటికి రెండేళ్లు. తర్వాత 1915లో అమెరికాకు చెందిన చార్లెస్ మెక్‌హ్యూ బాయిలర్ పైకప్పుగా పల్చటి లోహపు రేకు పెట్టే పద్ధతికి పేటెంట్ కోరాడు. ఆ రేకు ఉబ్బుతూ లోపలికి పోతూ ఉంటే వచ్చేదే పటపట చప్పుడు. పిల్లలను దుకాణం దగ్గర నిలబెట్టింది ఈ చప్పుడే అని నా నమ్మకం.

లోపల జరిగేది చూడండి. ముందుగా గొట్టాల్లో నీళ్లు నింపాలి. మంట తగలగానే బాయిలర్‌లోని కొద్దిపాటి నీరు ఆవిరై గొట్టాల్లోని నీటిని వెనక్కి నెడుతుంది. ఆ నీరు ఊపులో కాస్త ఎక్కువ దూరమే పోతుంది. ఈలోగా ఆవిరి చల్లటి గొట్టంలోకి చేరి మళ్లీ నీరైపోతుంది. లోపల పీడనం పడిపోతుంది, బయటి నీరు గొట్టంలోకి తిరిగి వస్తుంది. సెకనుకు ఎన్నోసార్లు ఇదే తంతు. మరి బయటికి పోయినంత నీరూ తిరిగి వస్తే పడవ ముందుకెలా పోతుంది? పోయేటప్పుడు నీరు తిన్నగా వెనక్కి ధారగా పోతుంది. వచ్చేటప్పుడు మాత్రం గొట్టం మూతి చుట్టూ అన్ని వైపుల నుంచీ వస్తుంది. అందుకే నెట్టుడు బలంగా, లాగుడు బలహీనంగా ఉంటాయి. ఒక్క కవాటం గానీ, ఒక్క పిస్టన్ గానీ లేని ఆవిరి యంత్రం ఇది!

శ్రీరాంపూర్‌కు దగ్గర్లోనే, జైపూర్‌లో 2016లో ప్రారంభమైన 1200 మెగావాట్ల సింగరేణి విద్యుత్ కేంద్రంలోనూ టర్బైన్ దాటిన ఆవిరిని చల్లార్చి నీరు చేస్తారు. అలా చేస్తేనే అక్కడ పీడనం తగ్గి, ఆవిరి నుంచి ఎక్కువ శక్తి రాబట్టగలుగుతారు. ఆవిరి నీరుగా మారితే పీడనం పడిపోతుందన్న సూత్రం అక్కడా ఇక్కడా ఒకటే.

ఇక వయసు సంగతి. నమూనా మారలేదు కాబట్టి సేకర్తలు తయారీ ఆనవాళ్ల కోసం వెతుకుతారు. పడవను తిరగేసి, లోపలి వైపు టార్చి వేసి చూడాలి. నేను చూసిన ఒక పడవ పైన ఎరుపు, నీలం రంగులుంటే, లోపలి వైపు ఏదో నూనె డబ్బా తాలూకు పసుపు అక్షరాలు తలకిందులుగా కనిపించాయి. పాత డబ్బా రేకు కోసి చేశారన్నమాట. అతుకుల దగ్గర రేకు చెవులు మడిచారా, టంకం వేశారా, జిగురు పెట్టారా? రంగు రేకు మీదే అచ్చయిందా, కుంచెతో పూసిందా? దేశం పేరు అచ్చయి ఉంటే మరీ మంచిది. ‘ఆక్యుపైడ్ జపాన్’ అన్న ముద్ర ఉన్న రేకు బొమ్మ రెండో ప్రపంచయుద్ధం తర్వాత, 1952 లోపు చేసిందే అయి ఉండాలి. మన దగ్గర 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి అయింది. నమోదైన హస్తకళాకారుల బొమ్మలకు మినహాయింపు ఉంది. కాబట్టి గుర్తు ఉంటే అది కొత్త బొమ్మని దాదాపు ఖాయంగా చెప్పొచ్చు. లేనంత మాత్రాన పాతదని చెప్పలేం.

చట్టం ఇక్కడ అక్కరకు రాదు. 1972 నాటి పురావస్తువుల చట్టం సాధారణంగా వందేళ్లు దాటిన వాటినే పట్టించుకుంటుంది. వింటేజ్ వాహనానికి 2021లో కేంద్రం యాభై ఏళ్ల గీత గీసింది. బొమ్మలకు అలాంటి గీత లేదు. ఇరవై, ముప్పై ఏళ్లు దాటితే వింటేజ్ అనడం సేకర్తల అలవాటు మాత్రమే.

మార్కెట్లో అట్టపెట్టె విప్పని బొమ్మకే ధర ఎక్కువ. నాకు మాత్రం ఈ పడవ విషయంలో అది సరైన కొలత అనిపించదు. బాయిలర్ అడుగున పట్టిన మసి, వత్తి గిన్నెలో గడ్డకట్టిన నూనె, ఇంట్లో ఎవరో మళ్లీ అతికించిన గొట్టం, ఇవన్నీ అది నిజంగా నడిచిందని చెబుతాయి. యంత్రం విలువ కట్టేటప్పుడు ఈ సాక్ష్యాన్ని తుడిచేయకూడదు. గనుల కాలనీల్లో ఇంకా ఏ అటక మీదో ఇలాంటివి ఉంటాయి. పాత ఇనుప సామాను కొనేవాళ్ల తూకంలోకి పోకముందే ఒక్కసారి తిరగేసి చూడండి.

దొరికితే ఉప్పుకాగితంతో రుద్దొద్దు. పాత రంగుల్లోనూ టంకంలోనూ సీసం ఉండొచ్చు కాబట్టి చిన్నపిల్లల చేతికివ్వొద్దు, గొట్టాన్ని నోట పెట్టొద్దు. నడిపి చూడాలనుంటే గొట్టాల్లోకి సిరంజితో నీళ్లెక్కించి, పెద్దవాళ్లు దగ్గరుండి వత్తి వెలిగించాలి. నీళ్లు లేకుండా మంట పెడితే పైరేకు కాలిపోతుంది, టంకం కరిగిపోతుంది. ఆట అయ్యాక, పడవ చల్లారనిచ్చి, గొట్టాల్లోని తడి పూర్తిగా తీసి ఆరబెట్టాలి.