చార్మినార్ కమానులో దాక్కున్న అక్షరం

మీకు తెలుసా? తాతల నాటి ట్రంకుపెట్టె అడుగున ఉర్దూ రాతల వెండి బిళ్ల దొరికితే, అదెవరి నాణెమో చెప్పడానికి ఉర్దూ రానక్కర్లేదు. దాని మీద చార్మినార్ ఉందా? అయితే అది నిజాం సర్కారు హాలీ సిక్కా. ఇక మధ్య కమాను లోపల భూతద్దం పెట్టి చూడండి, చిన్న అక్షరం ఒకటి కనిపిస్తుంది. ‘మీమ్’ అయితే ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంది, ‘ఐన్’ అయితే ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్‌ది. చిన్న తలకాయా కిందికి తోకా ఉండేది మీమ్. 3 అంకెను అద్దంలో చూసినట్టుండేది ఐన్. రాజుగారి బొమ్మ లేదు, పేరులో తొలి అక్షరమే గుర్తు. దర్జా అంటే ఇదీ!

చాలామంది బోల్తాపడేది ఈ నాణేల మీద కనిపించే ‘92’ దగ్గర. అదేదో సంవత్సరమనుకుని వెయ్యేళ్ల నాటి నాణెం దొరికిందని సంబరపడతారు. నిజానికి అది ఏడాదే కాదు. అరబ్బీ అక్షరాలకు అంకెల విలువలు కట్టే ‘అబ్జద్’ లెక్కలో ముహమ్మద్ అనే పేరు విలువ: మీమ్ 40, హే 8, మళ్లీ మీమ్ 40, దాల్ 4. మొత్తం 92. ‘దీవార్’ సినిమాలో అమితాబ్ బిళ్ల మీది 786 కూడా ఈ లెక్కలోదే, అది బిస్మిల్లాకు గుర్తు.

అసలు ఏడాది హిజ్రీ (ఇస్లామీ క్యాలెండర్) లెక్కలో, నాలుగంకెల్లో విడిగా ఉంటుంది. రాత కుడి నుంచి ఎడమకు సాగినా అంకెల్ని మనలాగే ఎడమ నుంచి చదవాలి. (టిప్పు సుల్తాన్ నాణేలు కొన్ని ఇందుకు మినహాయింపు. ఆయన అంకెల్నీ కుడి నుంచే వేయించాడు!) చుక్క పెడితే సున్నా. ఇంగ్లిషు ‘వి’లా ఉంటే ఏడు, దాన్ని బోర్లిస్తే ఎనిమిది. వచ్చిన హిజ్రీ ఏడాదిలోంచి నూటికి మూడు చొప్పున తీసేసి 622 కలపండి. ఉదాహరణకు 1343లోంచి 40 పోతే 1303, దానికి 622 కలిపితే 1925. హిజ్రీ ఏడాది మనదానికన్నా పదకొండు రోజులు చిన్నది కాబట్టి ఒక ఏడాది అటూ ఇటూ అవుతుంది, అంతే.

ఒక్క మాట. మసి పట్టిందని చింతపండు పెట్టి మాత్రం తోమకండి. మెరుపు వస్తుంది గానీ, సేకరించేవాళ్లు ఇచ్చే ధర పడిపోతుంది.