జనార్దన్ కె. రెడ్డి

జనార్దన్ కె. రెడ్డి కాలేయంలోని కొవ్వు జీవక్రియపై పరిశోధనలు చేసిన తెలుగు వైద్య శాస్త్రవేత్త. హైదరాబాదులోని ఉస్మానియా వైద్య కళాశాలలో చదివి, అమెరికాలో కాన్సాస్, నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయాలలో పనిచేశారు.

పరిశోధనలు

జీవకణాలలో కొవ్వు ఆమ్లాలను దహించే కణాంగాలలో పెరాక్సిసోము ఒకటి. రక్తంలో కొవ్వును తగ్గించే క్లోఫైబ్రేట్ వంటి మందులు ఎలుకల కాలేయంలో వీటి సంఖ్యను బాగా పెంచుతాయి. ఇటువంటి మందులను దీర్ఘకాలం ఇస్తే ఎలుకల కాలేయంలో కంతులు ఏర్పడతాయని రెడ్డి బృందం 1980లో నేచర్ పత్రికలో ప్రకటించింది. ఈ మందులు కణంలోని ఒక గ్రాహకం ద్వారా పనిచేస్తాయని కూడా ఈ బృందం భావించింది. 1990లో ఇసెమాన్, గ్రీన్ అనే శాస్త్రవేత్తలు అటువంటి గ్రాహకాన్ని గుర్తించారు. దానినే పి.పి.ఎ.ఆర్.-ఆల్ఫా అంటారు. మానవులలో పెరాక్సిసోముల పెరుగుదల చాలా స్వల్పం. అందువలన ఈ తరగతికి చెందిన కొన్ని మందులు నేటికీ వాడుకలో ఉన్నాయి.

ఆహారంతో సంబంధం

ఉపవాస సమయంలో శరీరంలో నిల్వ ఉన్న కొవ్వు కరిగి కాలేయాన్ని చేరుతుంది. అప్పుడు పై గ్రాహకం దహనానికి కావలసిన ఎంజైములను పెంచుతుంది. ఈ గ్రాహకం లేని చిట్టెలుకలను పస్తు ఉంచగా, వాటి కాలేయంలో కొవ్వు విపరీతంగా పేరుకొన్నట్లు ఈ బృందం 2000లో చూపింది. అంతకు ముందు, పెరాక్సిసోములో కొవ్వు దహనాన్ని ప్రారంభించే ఎంజైము లేని చిట్టెలుకలలో కొవ్వు కాలేయం, వాపు, చివరకు కంతులు కూడా ఏర్పడినట్లు 1998లో వెల్లడించింది.

కాలేయంలో కొవ్వు చేరడానికి అధికాహారం ఒక్కటే కారణం కాదనీ, చేరిన కొవ్వును దహించే సామర్థ్యం కూడా ముఖ్యమనీ ఈ పరిశోధనల సారాంశం.