స్పోర్ట్సు కారు టాంకుకు ఎంత దూరం? మక్కల ధరకు ఏమి సంబంధం?

పరకాల: స్పోర్ట్సు కారు టాంకు నింపుకుని ఇక్కడి నుంచి హైదరాబాదు పోయి, మళ్లీ పెట్రోలు పోయించకుండా తిరిగి రావచ్చునా? అడ్తి కొట్టులో సరదాగా వచ్చిన ఈ ప్రశ్న చివరకు మక్కల ధర దాకా పోయింది.

పోర్షే 911 టాంకు 64 లీటర్లు. అడుగున ఎనిమిది లీటర్లు నిలువ ఉంచితే వాడకానికి 56. నిదానంగా తోలి లీటరుకు 9 కిలోమీటర్లు రాబడితే 504 కిలోమీటర్లు వస్తుంది. హైదరాబాదు రానుపోను సుమారు 360 గనుక చింత లేదు. జోరుగా తోలితే లీటరుకు 6కు పడిపోవచ్చు. అప్పుడు వచ్చేది 336 మాత్రమే, నిలువను ముట్టక తప్పదు. వేగం రెట్టింపయితే ఎదురుగాలి ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది. అంత ఖరీదు పెట్టి కొన్న కారును నిదానంగా తోలేవారు ఎందరన్నది వేరే సంగతి.

ఇక సరుకు సంగతి. 2025 నాటికి దేశంలో పెట్రోలులో 20 శాతం ఇథనాలు కలపడం అమలుకు వచ్చింది. లీటరు ఇథనాలులో ఉండే శక్తి పెట్రోలులో మూడింట రెండు వంతులే. 10 శాతం మిశ్రమానికి సరిచేసిన పాత కార్లకు మైలేజి 6, 7 శాతం తగ్గగలదని నీతి ఆయోగ్ 2021 నివేదిక అంచనా. 6 శాతమంటే పై 504లో 30 కిలోమీటర్లు పోయినట్లే.

క్వింటాలు మక్కల నుంచి సుమారు 38 లీటర్ల ఇథనాలు దిగుతుంది. 64 లీటర్ల టాంకులో ఇథనాలు 12.8 లీటర్లు. అది పూర్తిగా మక్కలదే అయితే ఒక్క టాంకులో 34 కిలోల మక్కలు పోసినట్లు.

ఖరీదుదారులు గమనించవలసిన లెక్క ఇది. 2024-25 సంవత్సరానికి మక్కల ఇథనాలుకు ప్రభుత్వ రంగ చమురు కంపెనీలు కట్టిన ధర లీటరుకు 71.86 రూపాయలు. 38 లీటర్లకు సుమారు 2,730 రూపాయలు. 2025-26 మద్దతు ధర క్వింటాలుకు 2,400. మిగిలే 330 రూపాయల్లోనే కిరాయి, బొగ్గు, కరెంటు, కూలీ, వడ్డీ అన్నీ సర్దుకోవలెను. దాణాగా అమ్ముడయ్యే పిప్పి సొమ్ము దీనికి తోడు. కాబట్టి పిప్పికి గిరాకీ పడిపోయిన నెలల్లో డిస్టిలరీలు మద్దతు ధర మీద పెంచి కొనడం కష్టం. పెట్రోలు బంకులో ధర పెరిగినా వారికి వచ్చే 71.86 పెరగదు. ఇది చాలామంది అడ్తిదారులు మరచే అంశం.

పోటీ సరుకు బియ్యం. డిస్టిలరీలకు ఇచ్చే ఎఫ్.సి.ఐ. బియ్యం ధరను 2025 జనవరిలో క్వింటాలుకు 2,800 నుంచి 2,250 రూపాయలకు తగ్గించారు. బియ్యం చౌకగా దొరికినప్పుడు మక్కలకు గిరాకీ సడలుతుంది.

తేమ 14 శాతం దాటిన సరుకులో ఈ 38 లీటర్లు దిగవు. ఆ మేరకు ధరలో కోత ఉంటుంది.