బిడ్డల గజ్జి: దాని కారణములు

మేము ప్రదర్శన క్షేత్రములకై పోవు గ్రామములలో వ్రేళ్లసందులను, మణికట్టులను, నడుమును రాత్రులయందు గోకికొను బిడ్డలు తఱచుగా కనబడుచున్నారు. కారణమేమని యడిగినచో రక్తము చెడినదని యొకరు, వేడి చేసినదని యొకరు, వంకాయ పడలేదని మఱియొకరు చెప్పుదురు. వీనిలో నేదియు గజ్జికి మూలము కాదు.

గజ్జికి మూలము ఒక పురుగు. మిరప యాకులను ముడుచు నల్లి వలెనే దీనికిని ఎనిమిది కాళ్లు గలవు; పొడవు అర మిల్లీమీటరునకు లోపు. ఆడుపురుగు చర్మపు పైపొరలో సొరంగము త్రవ్వి దినమునకు రెండు మూడు గ్రుడ్లు పెట్టును. 1687లో ఇటలీ వైద్యుడు బొనోమో దీనిని సూక్ష్మదర్శినిలో చూచి, గజ్జికి ఇదియే కారణమని వ్రాసెను.

పురుగు ఒడలి నుండి ఒడలికి ప్రాకును. ఒకే చాపపై పరుండు బిడ్డలకును, వారి నెత్తుకొను తల్లులకును అంటుట అందుచేతనే. నిత్యము స్నానము చేయువారికిని రావచ్చును గనుక సిగ్గుపడి దాచరాదు. కుక్కలకును మేకలకును వచ్చు గజ్జిపురుగులు వేఱుజాతివి. అవి మనుష్యునిపై కొలదికాలము దురద పుట్టించునే గాని వృద్ధి పొందవు.

మొదటిసారి పురుగు చేరిన నాలుగు మొదలాఱు వారముల వఱకు దురద తోపకపోవచ్చును. కావున దురద లేనివారును ఇతరులకు అంటింపగలరు. మిరపతోటలో ఒక్క మొక్కకు మందు కొట్టి తక్కినవి విడిచిన ఫలమేమి? ఇంటిలోను అంతియే. దురదయున్నను లేకున్నను, ఇంటివారందఱును ఒకేదినమున మందు పూసికొనవలెను.

వైద్యులు సాధారణముగా ఇచ్చునది 5 శాతము పెర్మెత్రిన్ లేపనము. రాత్రి మెడ మొదలు పాదముల వఱకు పూసి ఉదయమున కడుగవలెను. వారము తరువాత మరల పూయవలెను. పసిబిడ్డలకు తలకును పూయవలసి యుండును గనుక వైద్యునడిగి చేయుడు. బట్టలను, దుప్పట్లను వేడినీట నుతికి యెండవేయుడు. పురుగు చచ్చిన పిదపను దురద కొన్ని వారములుండవచ్చును.

ఒక్కమాట గట్టిగా చెప్పుచున్నాము. పైరుపై చల్లు మందును బిడ్డ యొంటికి ఎన్నడును పూయకుడు. అది చర్మముగుండ లోనికి పోయి ప్రాణము తీయగలదు.

గజ్జిని స్వల్పమని విడువరాదు. గోకిన పుండ్లు చీముపట్టినచో కొందఱు బిడ్డలకు మూత్రపిండములు చెడును. ముఖము ఉబ్బినను, మూత్రము తగ్గినను, ఎఱ్ఱబడినను జాగుచేయక ఆసుపత్రికి గొనిపొండు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో గజ్జిని నిర్లక్ష్యమునకు లోనైన వ్యాధుల పట్టికలో చేర్చినది. మన యిండ్లలో మాత్రము దీనిని నిర్లక్ష్యము చేయకుందుము గాక.