మూడోవాడి ఆట

మా మేనల్లుడు ఆదివారం మధ్యాహ్నం మా ఇంటికి భోజనానికి వస్తాడు. కుందలహళ్ళి గేటు దగ్గర ఒక పి.జి.లో ఉంటాడు, మా ఇంటికి నడిచి పది నిమిషాలు. ఐ.టి.పి.ఎల్. వైపు ఒక కంపెనీలో ఏడేళ్ళుగా ఉద్యోగం. బ్యాంకులో ముప్పై ఏళ్ళు చేశాక నేను కళ్ళజూసిన జీతం వాడు మూడో ఏటనే చూశాడు. అటువంటివాడు మొన్న వేసవిలో ఒక ఆదివారం, గోంగూర పచ్చడి కలుపుకుంటూ, "మావయ్యా, ఉద్యోగం మానేద్దామనుకుంటున్నాను" అన్నాడు.

మా ఆవిడ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"మానేసి ఏం చేస్తావురా?"

"వీడియో గేమ్ చేస్తాం. ముగ్గురం కలిసి. కంప్యూటర్లో ఆడుకోవడానికే కాదు, టీవీకి తగిలించి ఆడే కన్సోల్ మీదకి కూడా తేవాలని."

అసలు సంగతి అన్నం పెరుగులోకి వచ్చాక బయటపడింది. తెనాలిలో మా నాన్నగారు కొన్న స్థలంలో అక్కయ్య వాటా ఉంది. అది అమ్మి పెట్టుబడి పెట్టుకుంటాడట. అక్కయ్యేమో, "మీ మావయ్య సరేనంటే నాకూ సరే" అన్నదట. అంటే పుణ్యమో పాపమో నా నెత్తిన పెట్టేసిందన్నమాట!

నేను బి.కాం. చదివినవాణ్ణి. అప్పు అడిగినవాడి ముఖం చూసి కాక, కాగితాలు చూసి సంతకం పెట్టడం నాకు అలవాటు. "ఒక్క నెల గడువియ్యి, చదువుకుని చెబుతాను" అన్నాను. ఆ నెలలో చదివిందీ, వాణ్ణి విసిగించి రాబట్టిందీ ఇక్కడ రాస్తున్నాను. మన సంఘం సభ్యుల ఇళ్ళల్లో ఇటువంటి పిల్లలు ఇంకా ఉన్నారని నాకు తెలుసు.

మొదట నన్ను తికమక పెట్టిన మాట "థర్డ్ పార్టీ". బ్యాంకువాడికి ఆ మాట వినగానే స్కూటరు ఇన్సూరెన్సు గుర్తుకొస్తుంది. ఇక్కడ అర్థం వేరు. యంత్రం చేసి అమ్మేవాడు మొదటివాడు, కొని ఇంటికి తెచ్చుకునేవాడు రెండోవాడు, ఆ యంత్రం మీద నడిచే ఆటను బయట కూర్చుని తయారుచేసేవాడు మూడోవాడు. యంత్రం మీద కంపెనీకి పెద్దగా లాభం ఉండదు, ఒక్కోసారి నష్టానికే అమ్ముతుంది. డబ్బంతా ఆటల్లో ఉంది. మూడోవాడు అమ్మే ప్రతి ఆట మీదా మొదటివాడికి వాటా వస్తుంది. ఆటలు లేని యంత్రాన్ని ఎవరూ కొనరు, కొన్నవాళ్ళు లేని యంత్రానికి ఎవరూ ఆటలు చేయరు. డిపాజిట్లు లేనిదే బ్యాంకు అప్పులివ్వలేదు, అప్పులివ్వనిదే డిపాజిట్ల మీద వడ్డీ కట్టలేదు. అదే లెక్క.

ఈ మూడోవాడు అసలు ఎలా పుట్టాడో చదివినప్పుడు నాకు చాలా సరదా వేసింది. అమెరికాలో అటారీ అనే కంపెనీ 1977లో ఒక యంత్రాన్ని అమ్మకానికి పెట్టింది. దానికి ఆటలన్నీ కంపెనీ ఉద్యోగులే రాసేవారు. ఆటలు లక్షల్లో అమ్ముడయ్యేవి, రాసినవాడికి మాత్రం నెల జీతమే. పెట్టె మీద పేరు కూడా వేసేవారు కాదు. 1979లో డేవిడ్ క్రేన్, అలన్ మిల్లర్, బాబ్ వైట్‌హెడ్, లారీ కాప్లాన్ అనే నలుగురు బయటకు వచ్చి ఆక్టివిజన్ అనే సంస్థను స్థాపించి, అటారీ యంత్రానికే సొంతంగా ఆటలు చేసి అమ్మడం మొదలుపెట్టారు. అటారీ దావా వేసింది. చివరకు రాయల్టీ చెల్లించే షరతు మీద 1982లో రాజీ కుదిరింది. అదే ఏడాది డేవిడ్ క్రేన్ తయారుచేసిన 'పిట్‌ఫాల్' 40 లక్షలకు పైగా అమ్ముడుపోయింది. పెట్టె మీద, లోపలి పుస్తకంలో తయారుచేసినవాడి పేరు వేయడం వీళ్ళు పెట్టిన ఆనవాయితీయే.

తలుపు తెరుచుకుంటే మంచివాళ్ళే వస్తారని ఏముంది? ఆటంటే ఏమిటో తెలియని కంపెనీలు కూడా దిగి దుకాణాలను చెత్తతో నింపేశాయి. అటారీ తానే చేసిన 'ఈ.టి.' కూడా ఘోరంగా దెబ్బతిన్నది. మిగిలిన సరుకును 1983లో న్యూమెక్సికో ఎడారిలో గొయ్యి తీసి పూడ్చిపెట్టారు. 2014లో తవ్వి చూస్తే నిజంగానే బయటపడ్డాయి! అమెరికాలో 1983లో సుమారు 320 కోట్ల డాలర్లుగా ఉన్న ఈ వ్యాపారం 1985 నాటికి 10 కోట్లకు పడిపోయిందని లెక్కలు చెబుతున్నాయి. మొండి బకాయి అని మేమనేది ఇటువంటివాటినే.

ఆ శిథిలాల మీదకు 1985లో జపాన్ నుంచి నింటెండో వచ్చింది. వచ్చేటప్పుడే తలుపుకు తాళం వేసుకుని వచ్చింది. యంత్రంలో ఒక చిప్పు, ఆట క్యాట్రిడ్జ్‌లో దానికి జోడీ చిప్పు పెట్టింది. రెండూ కలిస్తేనే ఆట నడుస్తుంది. లైసెన్సు తీసుకున్న కంపెనీ ఏడాదికి ఐదు ఆటలకు మించి చేయకూడదు. ఆ ఆటను రెండేళ్ళపాటు మరో యంత్రం మీదకు తీసుకుపోకూడదు. క్యాట్రిడ్జ్‌లు నింటెండోయే తయారుచేస్తుంది, డబ్బు ముందే కట్టాలి. సరుకు మిగిలిపోతే నష్టం మూడోవాడిదే. మా బ్యాంకు కూడా ఇంత గట్టి షరతులు రాయించుకోదు! అయినా అందరూ సంతకాలు పెట్టారు, ఎందుకంటే కొనేవాళ్ళు అక్కడే ఉన్నారు.

మన దేశంలో 1990లలో మీడియా వంటి పేర్లతో ఇళ్ళలోకి వచ్చిన టీవీ గేములు మీలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. అవి ఆ జపాను యంత్రానికి నకళ్ళు. ఆ తాళాలు, షరతులు, రాయల్టీలు ఏవీ వాటికి వర్తించలేదు.

తర్వాతి కథ తొందరగా చెబుతాను. 1994లో సోనీ ప్లేస్టేషన్ తెచ్చింది. క్యాట్రిడ్జ్ బదులు సి.డి. ఖర్చు తక్కువ, కావలసినన్ని వెంటనే అచ్చు వేయించుకోవచ్చు. నింటెండో 1996లో కూడా క్యాట్రిడ్జ్‌నే పట్టుకు కూర్చుంది. దాంతో ఏళ్ళ తరబడి నింటెండోకే ఆటలు చేసిన స్క్వేర్ అనే కంపెనీ 1997లో తన 'ఫైనల్ ఫాంటసీ 7'ను మూడు సి.డి.ల మీద సోనీకి ఇచ్చేసింది. చివరికి సోనీ యంత్రాలు 10 కోట్లు దాటాయి, నింటెండోవి 3 కోట్ల 30 లక్షల దగ్గర ఆగాయి. ఇక సెగా కంపెనీ డ్రీమ్‌కాస్ట్‌కు ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ అసలు ఆటలే ఇవ్వలేదు. అదొక్కటే కారణం కాదు గాని, 2001లో సెగా యంత్రాలు చేయడమే మానేసి, నిన్నటి శత్రువుల యంత్రాలకు ఆటలు చేసుకునే మూడోవాడైపోయింది. ఇంటి యజమాని అద్దెకు దిగినట్టు!

ఇదంతా నేను చెబుతుంటే మా మేనల్లుడు నవ్వి, "ఇవన్నీ అమెరికా, జపాను కబుర్లు మావయ్యా. హైదరాబాదు సంగతి చదివారా?" అన్నాడు.

చదవలేదు. ఆ రాత్రి చదివాను.

2009లో హైదరాబాదులోని అరోనా టెక్నాలజీస్ అనే సంస్థ ప్లేస్టేషన్ 2 కోసం 'హనుమాన్: బాయ్ వారియర్' అనే ఆట చేసింది. పూర్తిగా భారతదేశంలోనే తయారైన మొట్టమొదటి కన్సోల్ ఆటగా దాన్ని ప్రచారం చేశారు. అదే ఏడాది హైదరాబాదుకే చెందిన గేమ్‌శాస్త్ర అనే మరో సంస్థ కబడ్డీ, బిళ్ళంగోడు, గాలిపటాల వంటి మన ఆటలతో 'దేశీ అడ్డా' చేసింది. రెండింటినీ ప్రచురించింది సోనీయే. ఇది బ్యాంకువాడి కంటికి ఆనే విషయం. చేసింది బయటివాడు, అచ్చువేసి దుకాణానికి చేర్చింది యంత్రం యజమాని. అంటే మన హైదరాబాదువాళ్ళు మూడోవాడి స్థానానికి గుమ్మం దాకా వచ్చారు గాని పూర్తిగా కూర్చోలేదు.

హనుమంతుడి ఆటకు విమర్శకులు మంచి మార్కులేమీ వేయలేదు. దేవుణ్ణి ఆటవస్తువును చేశారంటూ అమెరికాలో ఒక హిందూ సంస్థ దాన్ని వెనక్కు తీసుకోమని అడిగింది కూడా. పైగా ఆ యంత్రం పుట్టింది 2000లో. ప్లేస్టేషన్ 3 వచ్చి అప్పటికే మూడేళ్ళు. ప్రపంచం మొత్తం మీద 16 కోట్లు అమ్ముడైన యంత్రమే అయినా, మనవాళ్ళు ఎక్కేసరికి బండి ఆఖరి స్టేషనుకు దగ్గర పడింది. 2013 జనవరికల్లా దాని తయారీ ఆగిపోయినట్టు ప్రకటించారు.

ఇక్కడ నా సంగతి ఒకటి ఒప్పుకోవాలి. ఆ 2009లో మా అబ్బాయికి పదకొండేళ్ళు. వాడికి ప్లేస్టేషన్ 2 కొనిచ్చాను. లోపల ఒక చిప్పు వేయిస్తే కాపీ డిస్కులు కూడా ఆడతాయని తెలిసినవారొకరు చెబితే, మెజెస్టిక్ దగ్గర ఒక సందులో వేయించాను. ఆ తర్వాత డిస్కు యాభై రూపాయలే. ఒకరోజు ఒక పెద్ద షాపులో అద్దాల బీరువాలో గద పట్టుకున్న హనుమంతుడి బొమ్మ చూసి మావాడు, "నాన్నా, మన హనుమాన్!" అన్నాడు. నేనేమన్నానో నాకు బాగా గుర్తుంది. "దాని కాపీ దొరుకుతుందేమో చూద్దాంలే" అన్నాను. దొరకలేదు. కొనలేదు.

మా మేనల్లుడు అప్పట్లో వేసవి సెలవులకు వచ్చి మా ఇంట్లో ఆ డిస్కుల మీదే ఆడేవాడు. నేను ఈ కథ ఎత్తకముందే వాడే అడిగాడు. "మీ డిస్కుల డబ్బా నాకు గుర్తుంది మావయ్యా. అందులో ఒక్కటైనా అసలుది ఉందా?"

వేల రూపాయల యంత్రం కొన్నవాణ్ణి, ఏ లెక్కల పుస్తకంలోనూ మూడోవాడికి కొనుగోలుదారుగా కనబడలేదు.

సరే, కాగితాల దగ్గరకు వద్దాం. ముగ్గురు మనుషులు, పద్దెనిమిది నెలలు, నెలకు తలా యాభై వేలతో సర్దుకుంటే 27 లక్షలు. శబ్దాలు, సంగీతం, పరికరాలు కలిపి 30 లక్షలు అనుకుందాం. ఇప్పుడు ఆటలు ఎక్కువగా యంత్రం యజమాని నడిపే ఇంటర్నెట్ దుకాణంలోనే అమ్ముడవుతాయి. దుకాణం వాటా సుమారు 30 శాతం. వెయ్యి రూపాయల ఆటకు చేతికొచ్చేది 700, పన్నుల సంగతి తర్వాత. 30 లక్షలు తిరిగి రావడానికి 4,286 ప్రతులు అమ్మాలి. పండగ తగ్గింపులో సగం ధరకు ఇస్తే 8,572. మధ్యలో ప్రచురణకర్త ఉంటే ముందు తన పెట్టుబడి రాబట్టుకుని తర్వాతే పంచుతాడు. పైగా ఆట పూర్తయ్యాక యంత్రం యజమాని పెట్టే పరీక్ష ఉంది. ఆడుతుండగా కంట్రోలరు ఊడిపోతే ఆట ఆగాలి, మెమొరీ నిండితే ఫలానా విధంగా చెప్పాలి, వగైరా వగైరా. తప్పితే మళ్ళీ మొదటికి.

"ఇంత తిప్పలెందుకురా? ఈ ఊళ్ళోనే గేమ్ కంపెనీలున్నాయిగా, చేరరాదూ?" అన్నాను. ఉన్నాయి. 1997లో ఇక్కడే మొదలైన ధ్రువ ఇంటరాక్టివ్ పెద్ద పెద్ద విదేశీ ఆటలకు బొమ్మలు గీసిపెట్టి పేరు తెచ్చుకుంది. 2019లో రాక్‌స్టార్ దాన్ని కొనుక్కుని తన బెంగళూరు శాఖలో కలుపుకుంది.

"అక్కడ నేర్చుకోవలసింది చాలా ఉంది మావయ్యా. కాని కారు మనం గీసినా బండి వాళ్ళదేగా" అన్నాడు. అటారీ నలుగురూ గుర్తొచ్చి నోరు మూసుకున్నాను.

పుణెలోని నోడింగ్ హెడ్స్ గేమ్స్ వారి 'రాజీ' 2020లో నింటెండో స్విచ్ మీద వచ్చిందనీ, 2023లో సోనీ 'ఇండియా హీరో ప్రాజెక్ట్' పేరుతో మనవాళ్ళకు సాయం మొదలుపెట్టిందనీ వాడు ధైర్యం చెప్పాడు. ఆ 'రాజీ' చేసినవారిలో ఒకరు డబ్బు చాలక తన ఫ్లాటు అమ్ముకున్నారని పత్రికల్లో నేనూ చదివాను. ఆ ముక్క అక్కయ్యకు చెప్పలేదు.

చివరకు "ఆట ఏదీ, చూపించు" అన్నాను. అప్పటిదాకా ఆ మాట అడగలేదని మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది.

టీవీకి తగిలించాడు. పల్లెవెలుగు బస్సు. తెనాలి నుంచి రేపల్లె. ఆడేవాడు కండక్టరు. ఒక్కో ఊరి దగ్గర జనం ఎక్కుతారు. అందరికీ టిక్కెట్లు కొట్టాలి, పిల్లల వయసు మీద తగాదా పడాలి, చిల్లర లేకపోతే ఇవ్వవలసింది టిక్కెట్టు వెనక రాసివ్వాలి, దిగేలోగా గుర్తుపెట్టుకుని తీర్చాలి. మా నాన్నగారు తెనాలి డిపోలో కండక్టరు. వీడికి ఆ కబుర్లన్నీ ఆయనే చెప్పారు. నేను బ్యాంకులో అన్నేళ్ళు చేసి, ఆ టిక్కెట్టు వెనక పెన్నుతో రాసిన అంకె కూడా ప్రామిసరీ నోటేనని ఆ సాయంత్రమే గ్రహించాను. మొదటి ప్రయత్నంలో వేమూరు దాటకముందే ఏడుగురికి బాకీ పడ్డాను.

నిర్ణయం ఇలా జరిగింది. స్థలం అమ్మకూడదు. ఉద్యోగం మొదటి ఆరు నెలలు మానకూడదు, రాత్రులూ సెలవులే. నా ఫిక్సెడ్ డిపాజిట్లలోంచి ఐదు లక్షలు, ఇంటి అప్పు ఇచ్చినట్టు దశలవారీగా. పునాదికి కొంత, లింటెల్ స్థాయికి కొంత, శ్లాబుకు కొంత. మిగతాది వాళ్ళు ముగ్గురూ చూసుకోవాలి. ముందు కంప్యూటర్ మీద అమ్మి, వచ్చినదాన్ని బట్టి కన్సోల్‌కు దరఖాస్తు పెట్టాలి. వాడు మొహం ముడుచుకున్నాడు గాని సంతకం పెట్టాడు. అవును, కాగితం రాయించాను!

పునాది డబ్బు ఇచ్చేశాను. ఇప్పుడు శబ్దాల పని నడుస్తోంది. కండక్టరు సంచిలో చిల్లర చప్పుడు కావాలన్నారు. ఇప్పటి రూపాయి బిళ్ళలతో చేస్తే తేలిపోయిందట. అక్కయ్య పెట్టె అడుగు నుంచి నాన్నగారి తోలు సంచీ, ఒక పాత హార్లిక్స్ సీసాలో దాచిన పావలాలూ పది పైసలూ తీసి, తెలిసినవాళ్ళ చేత పంపింది. బయట వర్తూరు రోడ్డు హారన్ల మోత పడకుండా మా స్నానాల గది తలుపు వేసుకుని, రాత్రి పదకొండింటికి ముగ్గురు కుర్రాళ్ళు ఆ సంచి ఊపుతూ రికార్డు చేసుకున్నారు. వాళ్ళకు పట్టుకోవడం సరిగా రావడం లేదని, ఆఖరిసారి నేనే భుజాన వేసుకుని ఊపాను.