టెట్‌లో పియాజె, వైగాట్‌స్కీ: బట్టీ వద్దు, అర్థం చేసుకుందాం

టెట్‌కు ప్రిపేర్ అవుతున్న అమ్మాయిలు, అబ్బాయిలు మన ఇళ్లలో చాలామందే ఉన్నారు. పేపర్-1లో 150 మార్కులుంటే, అందులో 30 శిశు వికాసం, పెడగాజీవే. ఈ భాగాన్ని బట్టీ పడితే హాల్లో తికమక తప్పదు. క్లాస్‌రూమ్‌లో జరిగిన ఒక సంఘటన చెప్పి, ఇది ఎవరి సిద్ధాంతం అని అడిగే ప్రశ్నలు ఇందులో మామూలే.

పియాజె ఏమన్నారు?

స్విట్జర్లాండ్‌కు చెందిన జీన్ పియాజె పిల్లల ఆలోచనను నాలుగు దశలుగా చెప్పారు: ఇంద్రియ చాలక దశ (0-2 ఏళ్లు), పూర్వ ప్రచాలక దశ (2-7), మూర్త ప్రచాలక దశ (7-11), ఆ తర్వాత అమూర్త ప్రచాలక దశ.

దీన్ని ఇంట్లోనే చూడొచ్చు. రెండు ఒకేలాంటి గ్లాసుల్లో షర్బత్ సమానంగా పోయండి. ఐదేళ్ల పాప చూస్తుండగానే ఒకదాన్ని సన్నని, పొడవైన గ్లాసులోకి వంచండి. "పొడుగు గ్లాసులోనే ఎక్కువుంది" అంటుంది చాలావరకు. పాప ఎత్తునే చూస్తోంది, వెడల్పు తగ్గిందని గమనించలేదు. మళ్లీ పాత గ్లాసులో పోస్తే సమానమేనని మనసులో వెనక్కి వెళ్లి ఆలోచించలేదు. పదిలపరుచుకునే భావన ఇంకా రాలేదని దీనర్థం. తెలివి తక్కువని కాదు.

వైగాట్‌స్కీ తేడా ఎక్కడ?

ఇద్దరూ 1896లోనే పుట్టారు. రష్యాకు చెందిన లెవ్ వైగాట్‌స్కీ మాత్రం 37 ఏళ్లకే, 1934లో చనిపోయారు. పిల్లలు తమంతట తాము లోకాన్ని పరిశీలిస్తూ జ్ఞానాన్ని నిర్మించుకుంటారని పియాజె చెబితే, మాట ద్వారా, తోటివారి సాయంతో నేర్చుకుంటారని వైగాట్‌స్కీ అన్నారు. ఒంటరిగా చేయగలిగిన దానికీ, ఇంకొకరి సాయంతో చేయగలిగిన దానికీ మధ్య ఉన్న దూరమే సామీప్య వికాస మండలం. టీచర్ పని అక్కడే.

పిల్లవాడు తనలో తాను మాట్లాడుకుంటూ లెక్క చేస్తుంటే? పియాజె దాన్ని అహంకేంద్రిత భాషణం అన్నారు. వైగాట్‌స్కీ దృష్టిలో అది ఆలోచనకు సాయపడే మాట. ఇంకో చిక్కు: స్కఫోల్డింగ్ అనే పదం వైగాట్‌స్కీది కాదు. 1976లో వుడ్, బ్రూనర్, రాస్ వాడారు. ఆయన ఆలోచనకు దగ్గరగా ఉండటంతో కలిపి చదువుతాం.

మన పిల్లల మాటేమిటి?

ఇంట్లో ఉర్దూ మాట్లాడే బాబు ఒకటో తరగతిలో చేరాడనుకోండి. వాడికి ఏక్, దో, తీన్ అంటూ గింజలు లెక్కపెట్టడం వచ్చు. టీచర్ "మూడు గింజలు తియ్యి" అంటే బిక్కమొహం వేస్తాడు. "లెక్కలు రావు" అని ముద్ర వేసేస్తే బాబు ఆ మాటే నమ్ముతాడు. నిజానికి వాడికి సంఖ్య తెలుసు, తెలియనిది తెలుగు మాటే. "తీన్ అంటే మూడు" అని రెండు భాషలూ కలిపితే చాలు, దారి దొరుకుతుంది. వీలైనంత వరకు మాతృభాషలోనే బోధన ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం, సెక్షన్ 29 కూడా చెబుతోంది.

కాబట్టి ప్రశ్న చదవగానే రెండు విషయాలు చూసుకోండి: పిల్లవాడి వయసెంత? వాడికి ఎవరైనా సాయం చేస్తున్నారా? సగం జవాబు అక్కడే ఉంటుంది. రేపు ఉద్యోగం వచ్చాక, వెనక బెంచీలో మౌనంగా కూర్చున్న పిల్లల విషయంలోనూ ఇవే చూడాలి.