సూర్యవిద్యుత్తు - వర్తకుల యనుభవము



విద్యుచ్ఛక్తి గ్రామములకు వచ్చినది మొదలు పిండిమర, వడ్లమిల్లు, మంచు కార్ఖానా, పాలకేంద్రము మున్నగు వృత్తులన్నియు దానినే నమ్ముకొని నడచుచున్నవి. తీగలో శక్తి యున్నంతసేపే పని. అది యాగినచో పిండిమరవాడు కొన్ని గంటల కూలి పోగొట్టుకొనును. పాలకేంద్రమువానికి సరకే చెడును. ఈ బాధ పడలేక పెక్కు దేశముల వర్తకులు సూర్యరశ్మినుండి తమకు వలసిన విద్యుత్తును తామే తీసికొన నారంభించిరి. ఈ మార్పు ఎట్లు జరిగినది, అందు లాభమెవరిది, భారమెవరిది యను సంగతిని నేడు మనవి చేసెదను.

దీనికి దక్షిణాఫ్రికా మంచి నిదర్శనము. ఆ దేశము మనకు బొత్తిగా పరాయిది కాదు. 1860 మొదలు చెన్నపట్టణపు రేవునుండి నేటాలులోని చెరకుతోటలకు కూలికి పోయినవారిలో తెలుగువారును గలరు. అచ్చటి తెలుగువారు 1931లో ఆంధ్ర మహాసభను స్థాపించుకొనిరి. ఆ దేశమునకు విద్యుత్తు నిచ్చునది ముఖ్యముగా 1923లో ఏర్పడిన ఎస్కాం అను ప్రభుత్వ సంస్థ. దానికి ప్రధానాధారము బొగ్గు. పాత యంత్రములు తరచు చెడుటయు, క్రొత్త కేంద్రముల నిర్మాణము సకాలమున మొదలిడకపోవుటయు కలిసి 2007-08 నాటికి గొప్ప కొరత యేర్పడెను. 2008 జనవరిలో బంగారు గనులు సైతము కొన్ని దినములు పని మానవలసివచ్చెను.

విద్యుత్తు ధాన్యమువలె గాదెలో పోసి యుంచు వస్తువు గాదు. ఏ క్షణమున ఎంత వాడుదుమో ఆ క్షణమున అంతయే పుట్టవలెను. వాడుక మించినచో దేశమంతటి తీగలును ఒక్కసారి చల్లబడు నపాయము గలదు. అది తప్పించుటకై వంతులవారీగా ఒక్కొక్క ప్రాంతమునకు శక్తి నాపుదురు. దక్షిణాఫ్రికాలో ఈ కోతలకు మెట్లు ఏర్పరచిరి. మెట్టునకు 1,000 మెగావాట్లు చొప్పున తగ్గింతురు. ఆరవ మెట్టున 6,000 మెగావాట్లు తగ్గును. 2023లో 300 దినములకు మించి కోతలు జరిగెను.

వర్తకులు మొదట డీసెలు యంత్రముల నాశ్రయించిరి. షాప్‌రైట్ అను పెద్ద అంగళ్ల సంస్థ 2023 జూలై ఆరంభముతో ముగిసిన యొక్క సంవత్సరమున డీసెలుకే సుమారు 130 కోట్ల రాండ్లు వెచ్చించెను. అంత ధనము లేని చిల్లర వర్తకులు తలుపులు మూసికొని కూర్చుండిరి. అప్పుడు దృష్టి సూర్యునిపై పడెను. ప్రభుత్వమును త్రోవ విడిచెను: 2021లో 100 మెగావాట్లవరకు లైసెన్సు అక్కరలేదనిరి, 2023లో ఆ హద్దును గూడ తీసివేసిరి. 2023 మార్చి మొదలు రెండేండ్లపాటు, సూర్యవిద్యుత్తుకు వర్తకుడు 100 రాండ్లు పెట్టినచో మొదటి సంవత్సరమే 125 రాండ్లు పన్నులెక్కలో తగ్గించుకొనవచ్చుననిరి. 2022 మార్చిలో 983 మెగావాట్లుగా నున్న ఇండ్లకప్పుల సూర్యవిద్యుత్తు 2023 జూనునాటికి 4,412 మెగావాట్లయ్యెనని ఎస్కాం అంచనా.

ఇక ఆ సాధనము పని చేయు విధము. సిలికాను అను పదార్థము ఇసుకనుండి తీయబడును. దాని పలచని బిళ్లపై వెలుగు పడగనే విద్యుత్తు పుట్టును. వెలుగువలన విద్యుత్తు పుట్టునని ఫ్రాన్సు దేశపు బెకెరెల్ 1839లోనే కనిపెట్టెను. వాడుకకు తగిన సిలికాను బిళ్లను 1954లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలవారు చేసిరి. 2010 మొదలు పదేండ్లలో ఈ పలకల వెల పదింట తొమ్మిది పాళ్లు తగ్గుటచేతనే సామాన్య వర్తకునికి అందుబాటయ్యెను.

ఇచ్చట పెద్దలు ముఖ్యముగా గమనింపవలసిన విషయ మొకటి గలదు. మిద్దెపై పలకలున్నచో కోత బాధ తీరినదని పలువురు తలచుచున్నారు. అది సరిగాదు. పలకలను ఊరితీగతో మాత్రము కలిపిన యమరికలో, ఊరితీగ యాగగనే పలకలును పని మానును. మిట్టమధ్యాహ్నము ఎండ కాయుచున్నను దీపము వెలుగదు. కారణమేమనగా, తీగలో శక్తి లేదనుకొని లైనుమాను స్తంభమెక్కినపుడు ఎవరి మిద్దెనుండియైనను శక్తి తీగలోనికి వచ్చినచో వాని ప్రాణము పోవును. కావున కోతలో గూడ పని నడువవలెనన్న బ్యాటరీయు, ఊరితీగనుండి తన్ను తాను విడదీసికొను ఇన్వర్టరును వలయును. వెలలో అధికభాగము తరచు వీనిదే. పలకలు ఇరువదియైదేండ్లు మన్నును; బ్యాటరీని నడుమ మార్చవలసివచ్చును.

బడిపంతులను గనుక లెక్కవేసి చూపెదను. పది గుర్రముల బలముగల పిండిమరకు సుమారు 8 కిలోవాట్లు పట్టును. దినమునకు నాలుగు గంటలు త్రిప్పినచో 32 యూనిట్లు. మన యెండలో ఒక కిలోవాటు పలకలు దినమునకు ఇంచుమించు 4 యూనిట్లిచ్చును గనుక 8 కిలోవాట్ల పలకలు కావలెను. కిలోవాటునకు నూరు చదరపుటడుగుల చొప్పున నీడపడని కప్పు 800 చదరపుటడుగులు. అయితే మోటారు కదలునపుడు నడచునప్పటికంటె అయిదారు రెట్లు విద్యుత్తు లాగును. ఆ యదురును తట్టుకొను సాధనము లేనిచో ఈ లెక్క యంతయు వ్యర్థము.

బ్యాటరీ వ్యయమును తగ్గించు ఉపాయము మన రైతులకు తెలియనిది గాదు. వడ్లు ఆరబోయుటకు ఎండవేళనే యెంచుకొందుము గదా! అట్లే పిండి పగలే పట్టవలెను. నీరు పగలే తొట్టికెక్కింపవలెను. మంచు పగలే గట్టిపరచి రాత్రి దానితో పాలు చల్లగా నుంచవలెను. విద్యుత్తును దాచుటకంటె పనిని దాచుట చౌక.

ఇక భారము మాట. దక్షిణాఫ్రికాలో 2024 మార్చి 26న కోతలు ఆగి పదినెలలు రాలేదు. అయినను పలకలు కొన్నవారు వానిని విప్పివేయలేదు. ధనవంతులైన వాడుకదారులు తగ్గినను, స్తంభములకు, తీగలకు, మరమ్మతులకు అగు వ్యయము తగ్గదు. అది మిగిలినవారిపై పడును. జోహాన్నెస్‌బర్గు నగరమువారు ముందుగా సొమ్ము చెల్లించి విద్యుత్తు కొనువారిలో ఒక తరగతిపై 2024 జూలై మొదలు నెలకు, పన్నుగాక, 200 రాండ్ల స్థిరమైన రుసుము వేసిరి.

ఇది మన చెరువుల కథవంటిది. ఊరందరికి చెరువే దిక్కైనంతకాలము కట్ట తెగినచో అందరును తట్టలు పట్టుకొని పోయెడివారు. కలిగినవారు తమ పొలములలో బావులు త్రవ్వుకొనిన పిదప వారికి కట్టమీది ధ్యాస తగ్గెను. తూము పూడినది, దిగువన నున్న బీదరైతు చేను ఎండినది. బావి త్రవ్వుట దోషము గాదు. బావి యున్నదని చెరువును మరచుట దోషము.

మన యొద్దను 2022 ఏప్రిలులో ఆంధ్రప్రదేశమున పరిశ్రమలకు వారమునకొక దినము విద్యుత్తు విరామము విధింపబడెను. కావున పలకలమ్మువారు మీ యూళ్లకు వచ్చినపుడు మూడు ప్రశ్నలడుగుడు: ఊరితీగ ఆగినపుడు ఇది నడచునా? నా మోటారు కదలునప్పటి యదురును తట్టుకొనునా? బ్యాటరీ ఎన్నేండ్లు మన్నును, చెడినచో బాగుచేయువారు ఎంత దూరమున గలరు? బదులు కాగితముపై వ్రాయించుకొనుడు. మిల్లు, పాలకేంద్రము సూర్యునితో నడచు నాడును పంచాయతీలో తీగల సంగతి, ట్రాన్సుఫార్మరు సంగతి చర్చకు వచ్చినపుడు ఆ యజమానులను పిలువనంపుడు. కప్పు లేనివాని గుడిసెలోని దీపము ఇంకను ఆ తీగమీదనే వెలుగుచున్నది.